చిన్న ట్రాక్టర్ తీసుకెళ్లడానికి టిల్ట్ ట్రైలర్ ఎలా ఎంచుకోవాలి?

టెక్సస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఆనా, వాన్ ఆల్‌స్టైన్, బోన్‌హామ్ వైపు ఐదెకరాలో పదెకరాలో కొన్న మనవాళ్ల కోసం రాస్తున్నా ఇది. ఇల్లేమో ఫ్రిస్కోలో, పొలం గంట దూరంలో, ట్రాక్టర్ అక్కడే వదిలేస్తే ఎవడెత్తుకుపోతాడోనని భయం, ఇంకేముంది ట్రైలర్ కావాలి. ట్రాక్టర్ కొనేటప్పుడు నెలల తరబడి యూట్యూబ్ చూస్తారు, నారింజ రంగు కుబోటానా ఆకుపచ్చ జాన్ డీరా, లేక మనదే కదా అని మహీంద్రానా అని ఇంట్లో చర్చలు పెడతారు, ట్రైలర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో చవగ్గా ఏది కనిపిస్తే అది పట్టుకొచ్చేస్తారు. తర్వాత ఫొటో పంపి "అన్నా, ఇది సరిపోతుందా" అని అడుగుతారు. కొనేశాక అడిగితే నేనేం చెప్పను?

మన ఊళ్లో ట్రాక్టరే ట్రాలీని లాగుతుంది, ఇక్కడ ట్రైలరే ట్రాక్టర్‌ని మోస్తుంది, హైవే మీద 65 మైళ్ల స్పీడులో. అక్కడి అలవాటు ఇక్కడికి తేకండి.

స్టెప్ 1: సరంజామా

టేపు, ట్రాక్టర్ మాన్యువల్, ఒక కాగితం, మీ ట్రక్కు డ్రైవర్ డోర్ తీస్తే పక్కన అంటించి ఉండే తెల్ల స్టిక్కర్ ఫొటో. అంతే. ఆ, ఇంకోటి, చాలా కాలనీల్లో హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం వాళ్లు ట్రైలర్‌ని డ్రైవ్‌వేలో ఉంచనివ్వరు, ఎక్కడ పెడతారో ముందే చూసుకోండి.

స్టెప్ 2: ఏ రకం టిల్ట్

టిల్ట్ అంటే ట్రాక్టర్ నిలబడే పలక, అంటే డెక్, వెనక్కి వాలి నేలకి ఆనుతుంది, ట్రాక్టర్ నేరుగా దాని మీదకి ఎక్కేస్తుంది. మూడు రకాలు. మొదటిది ఫుల్ టిల్ట్, డెక్ మొత్తం వెనక్కి వాలుతుంది. రెండోది స్ప్లిట్ డెక్, ముందు నాలుగడుగులు కదలదు, వెనక పదహారడుగులే వాలుతుంది. మూడోది పవర్ టిల్ట్, బ్యాటరీ మీద పంపు తిరిగి హైడ్రాలిక్‌తో లేపుతుంది.

స్ప్లిట్ డెక్‌లో గ్రావిటీ టిల్ట్, అంటే పంపు లేకుండా ట్రాక్టర్ బరువుకే వాలేది తీసుకోండి, కింద కుషన్ సిలిండర్ (డెక్ దబ్బున పడకుండా మెల్లగా దింపేది) ఉన్నది. ఇందులో చర్చ లేదు. ముందున్న నాలుగడుగుల్లో నేల చదును చేసే బాక్స్ బ్లేడో దుక్కి చేసే టిల్లరో పెట్టుకోవచ్చు, ట్రాక్టర్ వెనక భాగం మీద ఉంటుంది, ఒకదాని దారికి ఒకటి అడ్డం రాదు. పవర్ టిల్ట్ బాగుంటుంది కానీ నెలకోసారి తీసే బండికి బ్యాటరీ ఎప్పుడూ డౌనే, పొలం మధ్యలో ట్రాక్టర్ పైన ఉండిపోతే మీరు కింద నిలబడి చూస్తూ ఉండాలి. గ్రావిటీ టిల్ట్‌కి కరెంటు అక్కర్లేదు, ట్రాక్టర్ బరువే దాని ఇంజిన్.

ర్యాంపుల ట్రైలర్ చాలదా అని అడిగేవాళ్లకి కూడా చెప్తున్నా. ర్యాంపు పైకి ఎక్కాక డెక్ మొదలయ్యే చోట ఒక మూపురం వస్తుంది, వెనక తగిలించిన, పొదలు కొట్టే రోటరీ కట్టరో బాక్స్ బ్లేడో అక్కడ గీసుకుంటుంది, లేదా ట్రాక్టర్ పొట్ట కింద ఉన్న గడ్డి మిషన్ ఆనుతుంది. పైగా ఆ ర్యాంపులు ఒంటిచేత్తో ఎత్తేవి కావు, దారంతా గలగలమంటాయి. టిల్ట్‌లో అసలు ఆ మలుపే ఉండదు, నేల నుంచి డెక్ దాకా ఒకటే వాలు. ధర ఎక్కువ, బరువు కాస్త ఎక్కువ, నిజమే. నడుము మాత్రం మిగులుతుంది.

స్టెప్ 3: పొడవు, వెడల్పు

ట్రాక్టర్ ముందుండే లోడర్ (మట్టి ఎత్తే చేతులు) బకెట్ ముందు అంచు నుంచి వెనక తగిలించిన పనిముట్టు చివర దాకా టేపు పెట్టి కొలవండి. బ్రోచర్‌లో ఉండే పొడవు ఒట్టి ట్రాక్టర్‌ది, దాన్ని నమ్మకండి. సబ్‌కాంపాక్ట్ అనే అన్నిటికంటే చిన్న రకం ట్రాక్టర్ కూడా లోడర్, కట్టర్ కలిపితే 16, 17 అడుగులు పోతుంది. అందుకే నాలుగు ప్లస్ పదహారు, అంటే 20 అడుగుల డెక్. ఫెండర్ల మధ్య 82, 83 అంగుళాలు ఉంటే ఐదడుగుల కట్టర్ హాయిగా పడుతుంది. ఇంతకంటే చెప్పేదేమీ లేదు ఇందులో.

స్టెప్ 4: బరువు, అది ఎక్కడ కూర్చుంటుంది

ఇప్పుడు అసలు సంగతి. నిదానంగా చదవండి, చదివేశాం అని కిందికి జారిపోకండి, అందరూ బోల్తా పడేది ఇక్కడే.

మొదటి పొరపాటు ట్రాక్టర్ బరువు దగ్గర. బ్రోచర్‌లో సబ్‌కాంపాక్ట్ 1,500 పౌన్ల దగ్గర ఉంటుంది, అది చూసి "అంతేగా" అని సింగిల్ యాక్సిల్, అంటే ఒకటే ఇరుసున్న ట్రైలర్ తెస్తారు. ఆ 1,500 లో లోడర్ లేదు. లోడర్, బకెట్ కలిపి ఒక 450 వేసుకోండి. పొట్ట కింద గడ్డి మిషన్ 300. వెనక టైర్లలో డీలర్ బరువు కోసం నీళ్లో బీట్ రసమో నింపించి ఉంటాడు, రెండింటికీ కలిపి ఇంకో 300 పైమాటే, దీన్ని ఒక్కడూ లెక్కలో వెయ్యడు. నాలుగడుగుల కట్టర్ 400, బాక్స్ బ్లేడ్ 280, గొలుసులు, డీజిల్ క్యాను, పనిముట్ల పెట్టె కలిపి ఒక వంద. కూడండి, 3,300 దాటింది. 1,500 ది రెట్టింపు కంటే ఎక్కువ.

ఇక ట్రైలర్ మీద రాసి ఉండే జీవీడబ్ల్యూఆర్ అనేది మోసే బరువు కాదు బాబూ, ట్రైలర్ సొంత బరువుతో కలిపి మొత్తం. మార్కెట్‌లో చవగ్గా దొరికే 2,990 పౌన్ల ట్రైలర్ సొంత బరువే వెయ్యి పైన ఉంటుంది, ఇంక మిగిలింది 1,800, 1,900. ఒట్టి ట్రాక్టర్, లోడర్ కలిపితేనే 1,950, అక్కడికే దాటిపోయింది, కట్టర్ తగిలిస్తే ఇంక చెప్పక్కర్లేదు. అలాంటిది మూడేళ్లు లాగాను ఏమీ కాలేదు అంటారు కొంతమంది. యాక్సిల్ వంగేది, టైరు పేలేది మనకి ముందు చెప్పి కాదు.

సబ్‌కాంపాక్ట్‌కి కనీసం 7,000 పౌన్ల రేటింగ్, 3,500 యాక్సిళ్లు రెండు. టిల్ట్‌లో ఇలాంటివి సొంతంగా 2,400 అటూ ఇటూ ఉంటాయి, అంటే 4,600 దాకా మోస్తాయి, మన 3,300 కి ఊపిరి మిగులుతుంది. మీది 25 నుంచి 35 హార్స్‌పవర్ కాంపాక్ట్ అయితే నేరుగా పదివేలదే, 5,200 యాక్సిళ్లు రెండు ఉన్నది. మోసే కెపాసిటీలో ఎనభై శాతం దాటకూడదు, ఇది నా రూలు, మీరూ పెట్టుకోండి.

ఇప్పుడు టంగ్ వెయిట్, అంటే ట్రైలర్ ముక్కు మీ ట్రక్కు బాల్ (వెనక హిచ్ మీద ట్రైలర్ తగిలించే ఇనప గుండు) మీద వేసే బరువు. మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. పది కంటే తగ్గితే తోక ఊగడం మొదలవుతుంది, 60 దాటాక అది ఒకసారి మొదలైతే స్టీరింగ్ తిప్పి ఆపలేరు, బ్రేక్ తొక్కితే ఇంకా పెరుగుతుంది, అప్పుడు చెయ్యాల్సింది యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి ట్రక్కు లోపలుండే కంట్రోలర్‌తో ట్రైలర్ బ్రేకు మాత్రం చేత్తో నొక్కడం. 15 దాటితే ట్రక్కు వెనక కూర్చుండిపోయి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ వదులైపోతుంది. మన లెక్కలో ట్రైలర్ 2,400, లోడు 3,300, మొత్తం 5,700. అంటే ముక్కు మీద 570 నుంచి 850 మధ్యలో ఉండాలి.

ఇది ట్రాక్టర్ ఎక్కడ ఆపామన్నదాని మీదే ఆధారపడుతుంది. బాల్ నుంచి యాక్సిళ్ల మధ్యకి 16 అడుగులు అనుకుంటే, 3,000 పౌన్ల ట్రాక్టర్‌ని ఒక్క అడుగు ముందుకి జరిపితే ముక్కు మీద దాదాపు 190 పౌన్లు పెరుగుతుంది. ఒక్క అడుగుకే! ముందున్న నాలుగడుగుల్లో 280 పౌన్ల బాక్స్ బ్లేడ్ పెడితే అదొక్కటే 170 పైన వేస్తుంది. అందుకే స్ప్లిట్ డెక్ కొన్నవాళ్లు ఖాళీ ఉంది కదా అని టిల్లరు, బ్లేడు, ఫోర్కులు అన్నీ ముందు కుక్కి, ట్రాక్టర్‌ని కూడా ముందుకి తోసేస్తే ముక్కు మీద వెయ్యి దాటిపోతుంది, మీ ట్రక్కు హిచ్ ఒప్పుకోదు. ముందు పనిముట్టు పెట్టిన రోజు ట్రాక్టర్ ఒకడుగు వెనక్కి. పెట్టని రోజు ముందుకి.

అంచనాతో వదిలెయ్యకండి. లవ్స్, పైలట్ లాంటి ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్, అంటే లారీలు తూచే కాటా ఉంటుంది. లోడుతో ఒకసారి ఎక్కించండి, ముందు చక్రాలు, వెనక చక్రాలు, ట్రైలర్, మూడూ విడివిడిగా చీటీలో వస్తాయి. పక్కకెళ్లి ట్రైలర్ విప్పేసి ఒట్టి ట్రక్కు మళ్లీ తూయించండి. లోడుతో ఉన్నప్పటి ట్రక్కు ముందు వెనక కలిపి, అందులోంచి ఒట్టి ట్రక్కు బరువు తీసేస్తే అదే టంగ్ వెయిట్. సరిగ్గా వచ్చిన చోట ట్రాక్టర్ ముందు టైరు పక్కన డెక్ మీద స్ప్రే పెయింటుతో ఒక గీత కొట్టండి. బ్లేడు ఉన్నప్పటికి ఎర్ర గీత, లేనప్పటికి తెల్ల గీత. ఇంక ప్రతిసారీ తూయించక్కర్లేదు.

ఇప్పుడు ట్రక్కు సంగతి. హైలాండర్ వీ6 రేటింగ్ 5,000, మోడల్ వై 3,500. మన 5,700 కి రెండూ కావు, "మెల్లగా వెళ్తా" అంటే బరువు తగ్గదు. ఎఫ్-150 లాంటిది కావాలి, దానిక్కూడా డోర్ స్టిక్కర్ చూడాలి. మనుషులు, సామాను కలిపి ఇంతకి మించకూడదు అని ఉంటుంది, టంగ్ వెయిట్ అందులోకే వస్తుంది. స్టిక్కర్ 1,500 అంటే టంగ్‌కి 700 పోగా మిగిలిన 800 లో మీరు, బామ్మర్ది, ఇద్దరు పిల్లలు, కూలర్ సరిపోవాలి.

స్టెప్ 5: యార్డులో చూడాల్సినవి

టెక్సస్ ఈశాన్య మూల, మౌంట్ ప్లెజంట్, సమ్నర్ వైపు పెద్ద ట్రైలర్ ఫ్యాక్టరీలున్నాయి, కాబట్టి మనకి సరుకుకి కొరత లేదు, తొందరపడకండి. సేల్స్ అతను పెయింటు, లైట్లు చూపిస్తాడు. మీరు కిందకి వంగి లాచ్ చూడండి. డెక్ దిగాక పట్టి ఉంచేది అదే, మందంగా ఉండాలి, దానికి సేఫ్టీ పిన్ ఉండాలి, చేత్తో ఊపితే లొడలొడలాడకూడదు. కుషన్ సిలిండర్ వాల్వ్ తిప్పి చూడండి, రాడ్ మీద నూనె చెమ్మ ఉంటే సీల్ పోయినట్టే. సిలిండర్ పని చెయ్యకపోతే ట్రాక్టర్ మధ్యకి రాగానే డెక్ ధన్ మని పడుతుంది.

బ్రేకులు రెండు యాక్సిళ్లకీ అడగండి. టెక్సస్‌లో లోడుతో కలిపి 4,500 దాటితే బ్రేకులు తప్పనిసరి, చాలా రాష్ట్రాల్లో 3,000 కే. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగంకెలు వారం, సంవత్సరం, 2219 అని ఉంటే 2019 లో 22 వ వారం, సెకండ్‌హ్యాండ్ బండైతే ఆ టైర్లు మార్పించాకే డబ్బులివ్వండి. డెక్ చెక్కదే మంచిది, ఇనప రేకు వానలో జారుతుంది.

స్టెప్ 6: ఎక్కించి చూడటం

మంచి డీలరైతే మీ ట్రాక్టర్ తెచ్చి ఎక్కించి చూడనిస్తాడు. ఒప్పుకోకపోతే ఇంకో యార్డ్. చదును నేల, ట్రైలర్ ట్రక్కుకి తగిలించే ఉండాలి, హ్యాండ్ బ్రేక్, చక్రాలకి దిమ్మలు. ట్రాక్టర్ తక్కువ స్పీడు గేర్‌లో, బకెట్ కిందకి, ఫోర్ వీల్ డ్రైవ్ వేసే తీరాలి. చాలా చిన్న ట్రాక్టర్లకి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, వాలు మీద వెనక తేలికైతే బ్రేకు తొక్కినా జారుతుంది, ఫోర్ వీల్ ఉంటే ముందు చక్రాలు కూడా పట్టుకుంటాయి. ముందుకి ఎక్కించండి, రివర్సులో దించండి. డెక్ దిగేటప్పుడు ముందున్న పనిముట్టు మీదకి బకెట్ దిగకుండా ముందే ఎత్తి పెట్టుకోండి. దిగాక లాచ్ పడిందా, పిన్ పెట్టారా, కిందకి దిగి కళ్లతో చూడండి, శబ్దం వినిపించింది చాల్లే అనుకోవద్దు.

మన పొలాలున్న వైపు నేల నల్లరేగడి లాంటిదే, వాన పడ్డ రెండో రోజు కూడా ట్రైలర్ తోక అందులో దిగబడిపోతుంది, పైకి రాదు. రెండు మందపాటి పలకలు ఎప్పుడూ ట్రైలర్ మీదే ఉంచండి.

స్టెప్ 7: కట్టడం, బయల్దేరడం

నాలుగు మూలలకీ నాలుగు గొలుసులు, గ్రేడ్ 70, 5/16 అంగుళాలవి, ఒక్కోటి 4,700 పౌన్ల వర్కింగ్ లోడ్, అంటే భద్రంగా పట్టే బరువు. గొలుసు బిగించడానికి రాచెట్ బైండర్లే, లీవర్ బైండర్లు వద్దు, ఎగిరి మొహానికి కొడతాయి. బకెట్ డెక్‌కి ఆనించి దాని మీద విడిగా ఒక పట్టీ. కట్టర్‌కి ఇంకోటి. కొత్త ట్రైలర్ చక్రాల నట్లు మొదటి ప్రయాణంలో 10 మైళ్లకి, 25 కి, 50 కి ఆపి టార్క్ రెంచ్‌తో బిగించండి, ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఆపిన ప్రతిసారీ గొలుసులు కూడా ఒకసారి లాగి చూడండి, మొదటి యాభై మైళ్లలో కచ్చితంగా ఒకటైనా వదులై ఉంటుంది.