కాళ్ల బరువు, వాపు, ఉబ్బిన సిరలు: ఏది ఇంట్లో తగ్గుతుంది, ఏది తగ్గదు

చీరల షాపులో సేల్స్, బడిలో పాఠాలు, ట్రాఫిక్ డ్యూటీ, హోటల్లో వంట... రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు కాళ్ల నొప్పిని పనిలో భాగమే అనుకుని ఊరుకుంటారు. ఊరుకోవద్దు. ఖర్చు లేకుండా చేసుకోదగ్గవి చాలా ఉన్నాయి. అయితే ముందు మీ కాలి బాధ ఏ రకమో తెలియాలి.

సాయంత్రానికి కాళ్లు బరువు, చీలమండల దగ్గర వాపు, పొద్దున్నకు మామూలు

కారణం: పాదాల నుంచి రక్తం గుండె దాకా పైకెక్కాలి. నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి సిరను నొక్కి రక్తాన్ని పైకి తోస్తుంది. సిరల్లోని కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. బావి మోటారుకు ఫుట్‌వాల్వ్ ఎలాగో, ఇవీ అలాగే. కదలకుండా గంటల కొద్దీ నిలబడినా, కూర్చున్నా పిక్కకు పని ఉండదు, రక్తం కిందే నిలిచిపోతుంది.

పరిష్కారం: గంటకోసారి నిలబడిన చోటే మడమలు ఎత్తి దించండి, 15-20 సార్లు. నా దృష్టిలో ఇంతకు మించిన మందు లేదు. రోజూ అరగంట నడవండి. ఇంటికి రాగానే పడుకుని, కాళ్లు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టుకుని 15 నిమిషాలు ఉండండి. కుర్చీలో కూర్చుని ఎదురుగా స్టూలు మీద కాళ్లు చాపితే ఆ ఎత్తు రాదు.

కాలిని బిగుతుగా పట్టి ఉంచే సాగే మేజోళ్లు, అంటే కంప్రెషన్ స్టాకింగ్స్, బాగా పనిచేస్తాయి, కానీ కాలి కొలత తీయించుకునే కొనాలి. పొద్దున మంచం దిగకముందే, వాపు రాకముందే వేసుకోవాలి. పై అంచు మడతపెడితే అక్కడ బిగుసుకుపోయి రక్తం ఆగుతుంది. మన ఎండాకాలంలో ఇవి వేసుకోవడం కష్టమే. చాలామందికి మోకాలి కింది వరకు ఉండేవి చాలు.

రెండు కాళ్లూ సమానంగా వాచి, రాత్రి పడుకున్నా తగ్గకపోతే కారణం సిరలే కాకపోవచ్చు. గుండె, కిడ్నీ, లివర్ జబ్బుల్లోనూ, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్లా ఇలా వస్తుంది. మందు మీరే మానేయకండి, రాసిన డాక్టర్‌కి చెప్పండి.

సిరలు మెలికలు తిరిగి పైకి ఉబ్బాయి

కారణం: కవాటాలు సరిగా మూసుకోవడం లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఉండటం, గర్భం, అధిక బరువు, నిలబడే పని దీనికి తోడవుతాయి.

పరిష్కారం: ఉబ్బిన సిర ఏ నూనెతోనూ, ఏ లేపనంతోనూ వెనక్కి పోదు. పోతుందని అమ్మేవాళ్లను నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. పైన చెప్పినవి చేస్తే బరువు, నొప్పి తగ్గుతాయి. హార్స్ చెస్ట్‌నట్ అనే విదేశీ చెట్టు గింజల సారం ఉన్న క్యాప్సూళ్లతో కొంతకాలం వాపు, నొప్పి తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. కానీ పచ్చి గింజలు విషం. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ఆ క్యాప్సూళ్లు ముట్టుకోవద్దు. బాధ ఎక్కువైతే సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేయించుకోండి. లేజర్, రేడియోఫ్రీక్వెన్సీ, ఫోమ్ ఇంజెక్షన్ లాంటి చికిత్సలున్నాయి.

సిర చిట్లి రక్తం కారితే కంగారు పడకుండా పడుకుని, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో ఆపకుండా నొక్కి పట్టండి. తాడు కట్టొద్దు. తర్వాత ఆసుపత్రికి వెళ్లండి.

చీలమండ లోపలి వైపు దురద, నల్లబడిన చర్మం, మానని పుండు

కారణం: సిరల్లో ఒత్తిడి పెరిగి రక్తకణాలు చర్మంలోకి చేరతాయి, వాటిలోని ఇనుము మచ్చగా మిగులుతుంది. గజ్జి అనుకుని ఏళ్లు గడిపేస్తారు.

పరిష్కారం: చర్మానికి కొబ్బరినూనె రాయొచ్చు. పుండు మీద మాత్రం ఆకు పసర్లు, పసుపు వద్దు. కాలికి రక్తం సరిగా అందుతోందని పరీక్షించాక కట్టే కంప్రెషన్ బ్యాండేజే అసలు చికిత్స.

నడిస్తే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది

ఇది సిరల సమస్య కాదు, గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే ధమని సన్నబడింది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. పాదం చల్లగా ఉంటుంది. కాలు ఎత్తిపెడితే నొప్పి పెరుగుతుంది, వేలాడదీస్తే హాయిగా ఉంటుంది. ఇలాంటి కాలికి డాక్టర్ చెప్పకుండా స్టాకింగ్స్ వేస్తే హాని. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చి చూసే తేలికైన పరీక్ష ఉంది, అడిగి చేయించుకోండి. పొగ మానడం మొదటి మందు. డాక్టర్ సలహాతో నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవడం రెండోది. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదానికి వేడినీటి కాపడం పెట్టకండి, కాలినా తెలియదు.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంది

లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మాలిష్ చేయొద్దు, రేపు చూద్దాం అనుకోవద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం ఉంటే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

4 గంటలు దాటిన ప్రయాణాల్లో ఈ ముప్పు పెరుగుతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు నడవా పక్క సీటు తీసుకోండి. అప్పుడప్పుడూ లేచి నడవమని, కూర్చున్నచోటే పాదాలు ఆడించమని చెప్పండి. బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు, అలా మాననివ్వకండి. ఇదివరకు కాలిలో గడ్డకట్టినా, ఈమధ్యే ఆపరేషన్ అయినా, క్యాన్సర్ చికిత్సలో ఉన్నా టికెట్ తీసేముందు డాక్టర్‌ని కలవాలి.