సొంతంగా ఫిజిక్స్ – 6వ భాగం: 'మ్యూ ఎన్' రాసేముందు ఒక్క నిమిషం

పోయిన భాగంలో ఎఫ్‌బీడీ గీయడం చూశాం కదా, అంటే ఒక వస్తువు మీద పనిచేసే బలాలన్నిటినీ బాణాలతో విడివిడిగా చూపించడం. ఈసారి ఆ బొమ్మలోకి ఘర్షణ అనే బాణం వచ్చి చేరుతుంది. ఇంటర్ పిల్లలకి మార్కులు ఊరికే పోయేది ఇక్కడే. లెక్కలో 'గరుకు తలం' అని కనబడగానే, మిగతాది చదవకుండానే ఘర్షణ ఈక్వల్‌టు మ్యూ ఎన్ (ఘర్షణ గుణకం ఇంటు అభిలంబ బలం) అని రాసేస్తారు.

25 కిలోల బియ్యం బస్తా గచ్చు మీద ఉంది. గురుత్వ త్వరణం 10 అని తీసుకుంటే దాని బరువు 250 న్యూటన్లు, గచ్చు పైకి నెట్టే అభిలంబ బలమూ అంతే. స్థైతిక (వస్తువు కదలనప్పటి) ఘర్షణ గుణకం 0.5, గతిక (జారుతున్నప్పటి) ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం (లెక్క తేలిగ్గా తెమలాలని నేను పెట్టుకున్న అంకెలే). మీరు బస్తాని అడ్డంగా 80 న్యూటన్లతో నెట్టారు, అది కదల్లేదు. ఘర్షణ ఎంత?

0.5 ఇంటు 250, అంటే 125 అన్నారా? అలాగైతే మీరు ముందుకి 80తో నెడుతుంటే గచ్చు వెనక్కి 125తో నెడుతోందన్నమాట, ఆ మిగిలిన 45 న్యూటన్ల వల్ల బస్తా సెకను వర్గానికి 1.8 మీటర్ల త్వరణంతో మీ మీదకే రావాలి. నెట్టినవాడి మీదకి తిరగబడే బస్తాని నేనైతే చూడలేదు. జవాబు 80. 120తో నెడితే ఘర్షణ 120, అసలు నెట్టకపోతే సున్నా. స్థైతిక ఘర్షణ వస్తువుని కదలకుండా ఉంచడానికి ఎంత కావాలో అంతే ఉంటుంది, 125 అనేది దాని గరిష్ఠ హద్దు మాత్రమే. 130తో నెట్టారనుకోండి, హద్దు దాటింది, బస్తా జారింది, ఇక లెక్కలోకి వచ్చేది గతిక ఘర్షణ, 100 న్యూటన్లు. మిగిలిన 30ని 25తో భాగిస్తే త్వరణం 1.2. మొదట్లో మొరాయించిన బస్తా ఒకసారి కదిలాక తేలిగ్గా పోవడానికి కారణం ఇదే.

అభిలంబ బలం ఎప్పుడూ బరువుకి సమానం అని కూడా అనుకోకండి. అదే బస్తాకి తాడు కట్టి 30 డిగ్రీలు పైకి ఉండేలా లాగితే తాడు కొంత బరువుని మోస్తుంది, గచ్చు మీద ఒత్తిడి తగ్గుతుంది, దాదాపు 112 న్యూటన్లకే బస్తా కదులుతుంది. అదే 30 డిగ్రీలు కిందికి వంచి నెడితే? సుమారు 203 కావాలి! నమ్మకం కుదరకపోతే రెండు ఎఫ్‌బీడీలూ గీసి మీరే రాబట్టండి, హోంవర్క్ కాకుండా ఈ భాగంలో చేతులారా చేయాల్సిన లెక్క ఇదొక్కటే.

బస్తాని నిలబెట్టినా పడుకోబెట్టినా ఆ హద్దు మారదు. 1699లో ఫ్రాన్స్‌లో అమోంటాన్స్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి చెప్పాడు, ఇంకా లోతుగా చేసిన ప్రయోగాల్ని 1785లో కూలుంబ్ ప్రచురించాడు (అవును, విద్యుత్ పాఠంలో వచ్చే కూలుంబే). కాకపోతే ఇవి న్యూటన్ నియమాలంత గట్టివి కావు, ఉజ్జాయింపులు. రబ్బరు టైర్ల దగ్గర చాలాసార్లు తప్పుతాయి.

దిశ గురించి ఒక మాట. ఘర్షణ కదలికకి ఎదురు అని బట్టీ పట్టి ఉంటే అది మర్చిపోండి. రెండు తలాలు ఒకదాని మీద ఒకటి జారడానికే అది ఎదురు. నడిచేటప్పుడు మన పాదం వెనక్కి జారబోతుంది, అందుకే నేల మనల్ని ముందుకి నెడుతుంది.

గుణకం కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక అట్ట మీద రబ్బరు పెట్టి, అట్ట ఒక అంచుని మెల్లగా ఎత్తండి. రబ్బరు జారబోయే క్షణంలో ఆపి, ఎత్తిన అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, నేలకి ఆనిన అంచు నుంచి దాని సరిగ్గా కింది చోటు వరకు నేల మీద పొడవెంతో స్కేలుతో కొలవండి. ఎత్తుని ఆ పొడవుతో భాగిస్తే స్థైతిక ఘర్షణ గుణకం వచ్చేస్తుంది. రబ్బరు మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి మళ్ళీ చూడండి, కోణం ఇంచుమించు అంతే ఉంటుంది, ఎందుకంటే లెక్కలో ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టివేతకి పోతుంది.

హోంవర్క్: ఇదే బస్తా, ఇవే గుణకాలు, కానీ ఈసారి లారీ మీద ఉంది. లారీ త్వరణం 3 అయితే బస్తా మీద ఘర్షణ ఎంత, ఏ దిశలో? త్వరణం 6 అయితే? రెండో దానికి 150 అని వస్తే ఆగి, హద్దు ఎంతో ఇంకోసారి చూసుకోండి. వచ్చే భాగంలో వాలు తలం మీద కప్పీతో కట్టిన రెండు దిమ్మెలు చేద్దాం.