ఉచిత సాఫ్ట్‌వేర్‌కి వైరస్ వార్నింగ్ వస్తోందా? ముందు ఫైల్ ఎక్కడిదో చెప్పండి

పర్లాకిమిడిలో మాది కంప్యూటర్ రిపేర్ షాపు. పాతపట్నం వైపు నుంచి, గజపతి జిల్లా పల్లెల నుంచి డీటీపీ వాళ్లు వస్తుంటారు. శుభలేఖ ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా. ఊరికే దొరికే ఇంక్‌స్కేప్ (డిజైన్లకి), లిబ్రే ఆఫీస్ (రాతపనికి) లేనిదే పని నడవదు. ఫిర్యాదు మాత్రం ఎప్పుడూ ఒకటే: "అన్నా, వైరస్ అంటోంది." ఫైల్ ఎక్కడి నుంచి తెచ్చావంటే నోరు పెగలదు.

సమస్య: డౌన్‌లోడ్ చేసిన ఫైల్ నొక్కగానే "విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ" అని నీలం తెర.

ఇది వైరస్ దొరికిందని కాదు. ఫైల్‌కి డిజిటల్ సంతకం (తయారుచేసిందెవరో, మధ్యలో మారలేదో చెప్పే ముద్ర) లేదు, లేదా ఆ వెర్షన్ కొత్తది, విండోస్‌కి ఇంకా పరిచయం లేదు. సంతకానికి సర్టిఫికెట్ కొనాలి. 2023 జూన్ నుంచి సంతకం పెట్టే రహస్య తాళంచెవిని (కీ) ప్రత్యేకమైన హార్డ్‌వేర్‌లోనే ఉంచాలన్న నిబంధన కూడా వచ్చింది. ఊరికే ఇచ్చేవాళ్లకి అదంతా భారమే. ఫైళ్లని కుదించే సెవెన్‌జిప్ ఇన్‌స్టాలర్‌కి ఏళ్లుగా సంతకమే లేదు. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచి తెచ్చిన ఫైలే అయితే "మోర్ ఇన్ఫో", "రన్ ఎనీవే". అంతే.

సమస్య: పెన్‌డ్రైవ్ నుంచి పెట్టిన వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌ని యాంటీవైరస్ చెరిపేస్తోంది.

నన్ను ముంచింది ఇదే. ఒకాయన పెన్‌డ్రైవ్‌లో "సాఫ్ట్‌వేర్లు" అని ఫోల్డర్, అందులో వీఎల్‌సీ. ఐకాన్ అదే, పేరు అదే. ఓపెన్ సోర్స్ (ఇలా కోడ్ అందరికీ తెరిచి ఇచ్చే సాఫ్ట్‌వేర్) మీద యాంటీవైరస్‌లు ఊరికే అరుస్తాయని నాకు ధీమా. ఎక్స్‌క్లూజన్‌లో (యాంటీవైరస్ చూడకుండా వదిలేసే జాబితా) పెట్టి ఇన్‌స్టాల్ చేసేశాను. సాయంత్రానికి షాపులో మూడు మిషన్లు పోయాయి.

జరిగిందేమిటంటే, సాలిటీ లాంటి వైరస్‌లు విడిగా ఉండవు. ఎదురైన ప్రతి ఈఎక్స్‌ఈలోనూ (నొక్కితే నడిచే ప్రోగ్రామ్ ఫైల్) దూరతాయి, పెన్‌డ్రైవ్ ఎక్కి ఊరేగుతాయి. పైగా నీలం తెర కూడా రాదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిందన్న గుర్తు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌లో ఉన్న డిస్క్ మీదే నిలుస్తుంది. ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌కి కాపీ చేస్తే రాలిపోతుంది. నీలం తెర చూపించే స్మార్ట్‌స్క్రీన్ చూసేది ఆ గుర్తునే.

పట్టించేది సంతకమే. ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్, డీటెయిల్స్. వీఎల్‌సీకి వీడియోలాన్, లిబ్రే ఆఫీస్‌కి ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అని ఉండి, కింద సంతకం సరైనదని రావాలి. ఒక్క బైటు మారినా చెల్లదంటుంది. ఆ ట్యాబే మాయమైతే ఇంకా అనుమానించాలి. పర్మిషన్ అడిగే పెట్టె నీలం బదులు పసుపుగా, పబ్లిషర్ "అన్‌నోన్" అని వస్తే అదీ ఇదే సంగతి. ఆ రోజు ఆ పసుపు పెట్టె నా కళ్ల ముందే వచ్చింది, చదవకుండా యస్ కొట్టాను.

సంతకమే లేని సాఫ్ట్‌వేర్‌కి హ్యాష్ (ఫైల్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అంకె) చూడాలి. సెవెన్‌జిప్ ఉంటే రైట్ క్లిక్ మెనూలో సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ ఉంటుంది. వచ్చిన ఎస్‌హెచ్‌ఏ256 అంకెని ఆ సాఫ్ట్‌వేర్ సొంత సైట్‌లో ఇచ్చినదానితో పోల్చండి. కలవకపోతే ఆ ఫైల్‌ని బాగుచేయాలని చూడకండి, పారేసి కొత్తది దించండి. పెన్‌డ్రైవ్‌లో మిగతా ఈఎక్స్‌ఈలూ పోయినట్టే లెక్క. అప్పటికే రన్ చేసేశారా? డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రం తీసుకుని ఫార్మాట్ కొట్టండి. శుభ్రం చేయబోయి రెండు రోజులు పోగొట్టుకున్నవాణ్ని చెబుతున్నాను.

హ్యాష్ కలిసినా యాంటీవైరస్ అరుస్తుంటే, ఫైల్‌ని చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో వేయండి. అందులో డెబ్బై దాకా ఉన్న ఇంజిన్లలో (యాంటీవైరస్‌లు) ఒకటి రెండే, అదీ "జెనరిక్" లాంటి పేరుతో పట్టుకుంటే చాలావరకు ఉత్త అనుమానమే. సగం ఇంజిన్లు ఒకే వైరస్ పేరు చెబితే మాత్రం నమ్మండి.

సమస్య: ఇన్‌స్టాల్ అయింది, తెరుచుకోదు.

విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌లో ప్రొటెక్షన్ హిస్టరీ చూడండి, ప్రోగ్రామ్‌కి కావాల్సిన ఏదో డీఎల్‌ఎల్ ఫైల్‌ని క్వారంటైన్‌లో (విడిగా బంధించి) పెట్టి ఉంటుంది. మంచి ఫైలేనని తేలాకే రీస్టోర్.

ఇక మంచి ఫైల్ సంతకమే చెల్లదనిపించే కారణాలు: అప్‌డేట్లు లేని పాత విండోస్ 7 కొత్తరకం సంతకాలని గుర్తుపట్టకపోవడం, గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ పోయి తేదీ వెనక్కి వెళ్లడం కూడా ఉన్నాయి గానీ అరుదు. గడియారం వైపు ఒకసారి చూస్తే చాలు.