లెక్కలు తీసేవారూ పనిని మార్చేవారూ కలిసి పనిచేయడం ఎలా?

చాలా సంస్థల్లో రెండు బృందాలు ఉంటాయి. ఒకటి బిజినెస్ ఇంటెలిజెన్స్ బృందం. ఆర్డర్లు, ఫిర్యాదులు, ఆలస్యాల లెక్కలు తీసి ఏం జరుగుతోందో చెబుతుంది. రెండోది ప్రక్రియల మెరుగుదల బృందం. లీన్ (వృథాను తగ్గించేది), సిక్స్ సిగ్మా (తప్పులను, హెచ్చుతగ్గులను తగ్గించేది) వంటి పద్ధతులతో పని జరిగే తీరును మారుస్తుంది. మొదటి బృందం పంపిన నివేదికను రెండో బృందం తెరవదు. రెండో బృందం చేసిన మార్పు సంగతి మొదటి బృందానికి నెలల తర్వాత, అంకెలు తారుమారైనప్పుడు గాని తెలియదు.

1958లో ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ బిజినెస్ ఇంటెలిజెన్స్ మీద ఒక వ్యాసం రాశాడు. వాస్తవాల మధ్య సంబంధాలను గ్రహించి, అనుకున్న లక్ష్యం వైపు చర్యను నడిపించగలగడమే ఇంటెలిజెన్స్ అన్నది అందులో అతను తీసుకున్న అర్థం. చర్య అన్న మాట ఆ నిర్వచనంలోనే ఉంది. కాబట్టి ఈ రెండు బృందాలను కలపడాన్ని మర్యాద కోసం చేసే ఏర్పాటుగా చూడకూడదు. విడివిడిగా ఉంటే రెండింటి పనీ సగంలోనే ఆగిపోతుంది.

1. నివేదిక అడగకండి, నిర్ణయం రాయండి

"ఆలస్యాల మీద ఒక డాష్‌బోర్డు (అంకెలన్నీ ఒకేచోట చూపే తెర) కావాలి" అని అడిగితే డాష్‌బోర్డు వస్తుంది, అంతే. దానికి బదులు రెండు బృందాలూ కూర్చుని ఒక్క వాక్యం రాయాలి: ఈ లెక్క చేతికొస్తే ఎవరు, ఎప్పటిలోగా, ఏం మారుస్తారు? ఆ వాక్యం పూర్తి కాకపోతే లెక్క మొదలుపెట్టవద్దు. ఇది కఠినంగా అనిపించవచ్చు. కానీ ఎవరికీ అక్కరలేని నివేదికల మీద మంచి విశ్లేషకుల కాలం ఎంత వృథా అవుతోందో చూసినవారు ఈ పట్టుదల అవసరమేనంటారు.

2. పని జరిగే చోటికి కలిసి వెళ్లండి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే, సాధారణంగా అందరూ దాటవేసేదీ ఇదే. టయోటాలో తైయిచి ఓనో నిర్మించిన ఉత్పత్తి పద్ధతిలో గెంబా అనే మాట ఉంది. పని నిజంగా జరిగే చోటు అని దాని అర్థం. సమస్యను కాగితం మీద కాక అక్కడే నిలబడి చూడాలన్నది వారి నియమం.

ఒక గిడ్డంగిని ఊహించుకోండి. విశ్లేషకురాలి తెరమీద ఒక వింత కనిపిస్తుంది: రోజంతా మందకొడిగా ఉన్న ప్యాకింగ్, సాయంత్రం 6 గంటలకు ఒక్కసారిగా ఆకాశాన్ని అంటుతుంది. చివరి గంటలో సిబ్బంది హడావుడి పడుతున్నారని, అందుకే తప్పులు జరుగుతున్నాయని ఆమె నివేదిక రాయవచ్చు. అంకెలు చూస్తే అది సబబుగానే ఉంటుంది. కానీ ప్రక్రియల బృందంతో కలిసి 5 గంటలకే అక్కడికి వెళ్లి నిలబడితే వేరే సంగతి తెలుస్తుంది. ప్యాకింగ్ బల్లల దగ్గర కంప్యూటర్ లేదు. పూర్తయిన ప్రతి పెట్టె నంబరునూ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నారు. షిఫ్టు ముగిసే ముందు సూపర్‌వైజర్ ఆ పుస్తకం పక్కన పెట్టుకుని అన్నిటినీ వరసగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. అంటే ఆ 6 గంటల శిఖరం టైపింగుది, ప్యాకింగుది కాదు. అరగంటలో తెలిసిన ఈ సంగతి ఎన్ని చార్టులు గీసినా బయటపడదు. ఇక సరిదిద్దవలసింది ఏమిటో ఇద్దరికీ తెలుసు: బల్ల దగ్గరే ఒక స్కానర్ పెట్టాలి.

3. కొలతకు ఒకే అర్థం పెట్టుకోండి

"డెలివరీ సమయం" ఎక్కడ మొదలవుతుంది? ఆర్డరు వచ్చినప్పుడా, డబ్బు కట్టినప్పుడా, పెట్టె బయలుదేరినప్పుడా? సెలవు రోజులు లెక్కలోకి వస్తాయా? రద్దయినవి ఏమవుతాయి? ఒక్కో కొలతకు ఒక్కో పేజీ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

4. మామూలు హెచ్చుతగ్గులకు పరుగెత్తకండి

నిన్న 46 నిమిషాలు పట్టిన పని ఈరోజు 51 నిమిషాలు పడితే వెంటనే సమావేశం పెడతారు. ఇక్కడే విశ్లేషకులు రెండో బృందానికి నిజమైన మేలు చేయగలరు. 1924లో బెల్ టెలిఫోన్ వ్యవస్థలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ కంట్రోల్ చార్టును రూపొందించాడు. గడిచిన 20, 25 రోజుల అంకెల నుంచి సగటునూ, పైహద్దునూ, కిందిహద్దునూ లెక్కగట్టి గీస్తారు. హద్దులు 34, 58 అని తేలితే 51 అనేది ఆ ప్రక్రియకు సహజమే. దానికి ప్రత్యేక కారణం వెతకడం దండగ. 63 వస్తే మాత్రం ఆ రోజే వెళ్లి అడగాలి. ప్రతి చిన్న తేడాకూ సర్దుబాటు చేస్తూ పోతే హెచ్చుతగ్గులు ఇంకా పెరుగుతాయని నాణ్యతా నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్, గరాటులోంచి గోళీలను ఒక గురి మీదికి జారవిడిచే ప్రయోగంతో చూపించేవాడు.

సగటే మరీ ఎక్కువగా ఉందనుకుంటే మనుషులను తొందరపెట్టి లాభం లేదు, ప్రక్రియనే మార్చాలి. ఏది మార్చాలో తేల్చడానికి ఒక చిన్న లెక్క ఉంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం, రాకపోకలు నిలకడగా ఉన్నచోట, రోజుకు 40 దరఖాస్తులు పూర్తవుతూ, ఇంకా పూర్తికానివి సగటున 120 ప్రక్రియలో ఉంటే ఒక్కో దానికి సగటున 3 రోజులు పడుతుంది. రోజువారీ వేగం పెరగకపోయినా, లోపల పేరుకున్నవాటిని 80కి తగ్గిస్తే అది 2 రోజులవుతుంది.

5. చిన్నగా మార్చి చూడండి

ఒక్క షిఫ్టులో, రెండు వారాలు చాలు. అయితే మార్పుకు ముందే మూడు సంగతులు కాగితం మీద ఉండాలి: ఇప్పటి అంకె ఎంత, ఎంతకు చేరితే పని జరిగినట్టు, ఏది చెడితే ఆపేయాలి. మూడోది మరవవద్దు. ప్యాకింగ్ వేగం పెరిగి, పగిలి తిరిగొచ్చే సరుకూ పెరిగితే అది మెరుగుదల కాదు. ఫలితం వచ్చాక ముందు రాసుకున్న లక్ష్యపు గీతను జరపకుండా విశ్లేషకులు గట్టిగా నిలబడాలి.

6. అంకెను మనిషి మీద ఆయుధంగా వాడకండి

నోటు పుస్తకం సంగతి చెప్పిన సూపర్‌వైజర్‌కు మరుసటి రోజు మెమో వెళ్తే ఇక ఆ గిడ్డంగిలో ఎవరూ నిజం చెప్పరు. కొలత మీద ఒత్తిడి పెరిగితే సిబ్బంది పనికన్నా ముందు అంకెను చక్కదిద్దుతారు. అందుకే వ్యక్తుల పేర్లతో కూడిన లెక్కలు ఈ ఉమ్మడి పనిలోకి రాకూడదని మొదటి రోజే పైఅధికారి చేత చెప్పించండి, రాయించండి.

7. వారానికి అరగంట, నెలకొక కోత

వారానికోసారి రెండు బృందాలూ చార్టు ముందు నిలబడి, ఏం మారింది, ఏం తెలిసింది, తర్వాత ఎవరేం చేస్తారు అని మాట్లాడుకుంటే చాలు. నెలకోసారి పాత నివేదికల జాబితా తీయండి. మొదటి అడుగులో రాసిన వాక్యం లేనివాటిని పంపడం ఆపేయండి. నెల గడిచినా ఎవరూ అడగని నివేదికను పూర్తిగా తీసేసి, దానికి పట్టే గంటలను గెంబాకు మళ్లీ కలిసి వెళ్లడానికి కేటాయించండి.