ల్యాండ్‌లైన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్ మాటిమాటికీ తెగిపోతుంటే

ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉంటూ, తమ వీధిలోకి ఇంకా ఫైబర్ రాకపోవడం వల్ల ల్యాండ్‌లైన్ రాగి తీగ మీదనే బ్రాడ్‌బ్యాండ్ నడుపుకొంటున్నవారి కోసం ఈ సూచనలు రాస్తున్నాను. కనెక్షన్ తెగిన ప్రతిసారీ మోడెం స్విచ్చి ఆపి మళ్ళీ వేయడం చాలామందికి అలవాటు. దానివల్ల కాసేపు పని జరగవచ్చు గాని, లోపం ఎక్కడ ఉందో చెప్పగల ఆధారాలు ఆ క్షణంలోనే చెరిగిపోతాయి. తాను ఎప్పటినుంచి వెలుగుతున్నదీ, లైన్ ఎప్పుడు కుదిరిందీ, ఎన్ని తప్పులు దొర్లిందీ మోడెం లెక్కపెడుతూనే ఉంటుంది; ఆపి వేస్తే ఆ లెక్కలన్నీ సున్నాకు వస్తాయి. కాబట్టి స్విచ్చి ముట్టుకోక ముందే వాటిని చూసి కాగితం మీద రాసుకోవాలి.

కంప్యూటర్‌ను కేబుల్‌తో మోడెంకు కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే సాధారణంగా మోడెం పేజీ తెరుచుకొంటుంది. వేరే చిరునామా అయితే మోడెం అడుగున అంటించిన చీటీ మీద ఉంటుంది. అందులో స్టేటస్ అనే భాగంలో మోడెం వెలుగుతున్న సమయం, డీఎస్ఎల్ (రాగి తీగ మీద డేటా నడిపే పద్ధతి) లైన్ నిలిచి ఉన్న సమయం, లాగిన్ (కంపెనీ ఖాతాతో కుదిరే అనుసంధానం) నిలిచి ఉన్న సమయం విడివిడిగా కనిపిస్తాయి. కొన్ని మోడెంలు ఈ మూడింటినీ చూపవు. అప్పుడు కనెక్షన్ తెగిన క్షణంలో ఏ దీపం ఆరిందో గమనించాలి. మోడెం వెలిగిన సమయమే కొద్ది నిమిషాలుగా ఉంటే అది తనంతట తాను ఆగి మళ్ళీ మొదలవుతోందని అర్థం, కనుక కరెంటునూ, వేడెక్కి బలహీనపడిన అడాప్టర్‌నూ అనుమానించాలి. మోడెం రోజుల తరబడి ఆగకుండా ఉండి డీఎస్ఎల్ సమయం మాత్రం తక్కువగా ఉంటే దోషం తీగలో ఉంది. డీఎస్ఎల్ నిలకడగా ఉండి లాగిన్ మాత్రమే తెగుతుంటే సాధారణంగా అది కంపెనీ వైపున చూడవలసిన సంగతి. మూడూ నిలకడగా ఉండగా ఫోన్‌లోనే నెట్ రాకపోతే దోషం వైఫైది. మోడెంను నడిఇంటికి మార్చి, 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో 1, 6, 11 చానెళ్ళలో ఖాళీగా ఉన్నదానిని ఎంచుకొంటే తరచుగా సరిపోతుంది. ఇక్కడినుంచి చెప్పేదంతా తీగ గురించే.

ఒకే జత తీగల మీద మాట, డేటా రెండూ ప్రయాణిస్తాయి. మాట 4 కిలోహెర్ట్జ్ లోపు ఉంటుంది, డీఎస్ఎల్‌లో ఒక రకమైన ఏడీఎస్ఎల్ దాదాపు 26 నుంచి 1104 కిలోహెర్ట్జ్ వరకు, దాని వేగవంతమైన రూపం ఏడీఎస్ఎల్2+ అయితే 2208 కిలోహెర్ట్జ్ వరకు వాడుకొంటుంది. వీటిని వేరుచేసే చిన్న పెట్టె స్ప్లిటర్. ఇంట్లో ఎక్కడైనా స్ప్లిటర్‌కు ముందే లైన్ చీల్చి పడకగదికి ఇంకొక ఫోన్ కలిపి ఉంటే, ఆ ఫోన్ మోగినప్పుడల్లా నెట్ తెగే అవకాశం ఉంది. వాడకుండా గోడలో వదిలేసిన పాత తీగ ముక్క కూడా సంకేతాన్ని వెనక్కు కొట్టి చెరుపుతుంది. అందువల్ల మొదట ఆ కొమ్మలన్నీ విడదీయాలి. తరువాత బయటి తీగ ఇంట్లోకి వచ్చి చేరే మొదటి పెట్టె దగ్గరనే, స్ప్లిటర్ కూడా లేకుండా, పొట్టి తీగతో మోడెం ఒక్కదానినే కలిపి ఒక రోజంతా ఉంచి చూడాలి. అక్కడ నిలిస్తే లోపం మన ఇంటి వైరింగులో ఉంది, నిలవకపోతే బయట ఉంది. నా దృష్టిలో మొత్తం పరీక్షలలో అత్యంత విలువైనది ఇదే, ఎందుకంటే లైన్‌మన్‌ను పిలవాలా, ఇంట్లోనే పది అడుగుల తీగ మార్చుకోవాలా అన్నది దీనితోనే తేలిపోతుంది.

దోషం బయట ఉందని తేలితే ఫోన్ రిసీవర్‌నే పరికరంగా వాడవచ్చు. ఈ పరీక్షకు స్ప్లిటర్‌ను మళ్ళీ పెట్టి దాని ద్వారా ఫోన్ కలపాలి. రిసీవర్ ఎత్తి, ఏదైనా ఒక అంకె నొక్కితే డయల్ టోన్ ఆగి కొన్ని క్షణాలు నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దంలో గరగర, చిటపట వినిపిస్తే ఎక్కడో జాయింటు వదులైంది, లేదా చిలుము పట్టింది. డయల్ టోన్ అసలే లేకుండా నెట్ మాత్రం అతి నెమ్మదిగా వస్తుంటే జతలో ఒక తీగ తెగి ఉండవచ్చు. ఫోన్‌కు రెండు తీగలూ కావాలి గాని, డీఎస్ఎల్ ఒక్క తీగ మీద కూడా కుంటుతూ నడవగలదు. ఇంకొక లక్షణం వింతగా తోచినా చాలా నమ్మదగినది: రిసీవర్ ఎత్తి పెట్టినంతసేపు నెట్ బాగుండి, పెట్టేయగానే తెగిపోతుంది. రిసీవర్ ఎత్తినప్పుడు పారే కరెంటు జాయింటు మీది చిలుము పొరను దాటి తాత్కాలికంగా దారి చేస్తుంది, అందుకే అలా జరుగుతుంది. ఈ విషయం లైన్‌మన్‌కు తప్పక చెప్పండి. అతడు నేరుగా జాయింట్ల దగ్గరికే వెళతాడు.

మోడెం పేజీలో రాసుకోవలసిన అంకెలు రెండు ముఖ్యమైనవి. ఎస్ఎన్ఆర్ మార్జిన్ (సంకేతం రొదను తట్టుకోవడానికి ఉన్న మిగులు) 6 డెసిబెల్స్ కంటే తగ్గితే లైన్ నిలవడం కష్టం, 10 దాటితే నిశ్చింత. అటెన్యుయేషన్ అనేది దూరంతో పెరిగే నష్టం, 0.5 మిల్లీమీటర్ల రాగి తీగ మీద కిలోమీటరుకు ఇంచుమించు 14 డెసిబెల్స్ పోతాయి కాబట్టి, 42 కనిపిస్తే ఎక్స్‌చేంజికి తీగ పొడవు సుమారు 3 కిలోమీటర్లని అంచనా వేయవచ్చు. మీ ఇల్లు ఎక్స్‌చేంజికి కిలోమీటరు లోపే ఉండగా ఈ అంకె 40 దాటిందంటే అది దూరం చేసిన నష్టం కాదు, తీగ చెడిపోయిందనే దానికి గట్టి గుర్తు. సీఆర్‌సీ తప్పులు (దారిలో చెడి చేరిన డేటా లెక్క) గంటగంటకూ ఎంత పెరుగుతున్నాయో కూడా పక్కనే రాయాలి.

రాసేటప్పుడు తేదీ, సమయంతో పాటు వాన ఉందా, ఎండ ఉందా అన్నది కూడా చేర్చండి. మా వైపు ఇది చిన్న విషయం కాదు. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన తిత్లీ వంటి తుపానుల తరువాత, తెగిన తీగలను చేత్తో మెలిపెట్టి టేపు చుట్టి వదిలేసిన జాయింట్లు ఉంటే, అవి ప్రతి వానకూ నీరు పీల్చుకొంటాయి. వాన పడినప్పుడు మార్జిన్ పడిపోయి, ఎండ కాసిన కొన్ని గంటలకు తిరిగి లేస్తే తడి జాయింటు ఉన్నట్టే. బయటి తీగ గోడలోకి దూరేచోట కిందికి ఒక వంపు వదిలితే నీరు అక్కడినుంచే కారిపోతుంది, ఇంట్లోని పెట్టెలోకి రాదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం తీగను ముట్టుకోకండి, మోడెం నుంచి కరెంటు తీగనూ ఫోన్ తీగనూ వాన మొదలవక ముందే తీసేయండి. మామూలు రోజులలో కూడా ఆ తీగలో 48 వోల్టుల డీసీ ఉంటుంది, ఫోన్ మోగేటప్పుడు 75 వోల్టుల దాకా ఏసీ వస్తుంది కాబట్టి, స్తంభం మీది పెట్టె తెరవడం లైన్‌మన్ పనే.

వానతో నిమిత్తం లేకుండా రోజూ ఒకే వేళకు తెగుతుంటే విద్యుత్ రొదను అనుమానించాలి. మీడియం వేవ్ రేడియో కూడా డీఎస్ఎల్ వాడే పౌనఃపున్యాలలోనే ఉంటుంది కనుక, బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్‌ను స్టేషను లేనిచోట నిలిపి, ఆ వేళకు ఇల్లంతా తిప్పండి; ఇన్వర్టర్ దగ్గరో, చవక ఎల్ఈడీ దీపం దగ్గరో, ఛార్జర్ దగ్గరో బుర్రుమనే చప్పుడు పెరిగితే దొంగ దొరికినట్టే.

ఫిర్యాదు చేస్తే అవతల ఫోన్ ఎత్తేవారు ఒడియాలోనో హిందీలోనో మాట్లాడతారు. ఇంటి పెద్దలకు తెలుగు తప్ప రాకపోతే నెట్ సరిగా లేదన్న ఒక్క ముక్క దగ్గరే మాట ఆగిపోతుంది. రాసుకొన్న కాగితం అక్కడ అక్కరకు వస్తుంది. మొదటి పెట్టె దగ్గర పెట్టినా తెగుతోందనీ, మార్జిన్ వానలో 12 నుంచి 4కు పడిందనీ అంకెలతో చెబితే భాష అడ్డురాదు. డాకెట్ నంబరు (ఫిర్యాదుకు ఇచ్చే సంఖ్య) అడిగి ఆ కాగితం మీదనే రాసుకోండి. తీగ మార్చడం ఆలస్యమయ్యేటట్టుంటే, మోడెంలో ఏడీఎస్ఎల్2+ బదులు జీ.డీఎంటీ (పాత, నెమ్మది ఏడీఎస్ఎల్ పద్ధతి) ఎంచుకోవడం, లేదా లైన్ వేగం తగ్గించమని ఎక్స్‌చేంజిని కోరడం మంచిది. 24 మెగాబిట్ల పైపరిమితి 8కి దిగినా, దూరపు ఇళ్ళకు ఎటూ అంత వేగం రాదు, నిలకడ మాత్రం మెరుగుపడవచ్చు. వీధిలోకి ఫైబర్ వచ్చిన రోజున ఆలోచించకుండా దానికి మారండి, ఎందుకంటే గాజుతీగకు చిలుము పట్టదు, ఇంటి ఇన్వర్టర్ రొద అంటదు.

లైన్‌మన్ జాయింటు సరిచేశాక అతడు ఉండగానే మోడెం పేజీ తెరిచి, కొత్త మార్జిన్‌ను పాత అంకె పక్కన రాసి చూపించండి. అటెన్యుయేషన్ ఏమాత్రం తగ్గకపోతే, చెడిన జాయింటు ఇంకొకటి మిగిలి ఉందేమో అప్పుడే వెతకమని అడగండి.