ఎదిగిన కొడుకులతో ఇటలీ వెళ్ళాలంటే

పిల్లలు చిన్నప్పుడు టూర్ అంటే మనం ఎక్కమన్న బస్సు ఎక్కేవాళ్ళు, పెట్టింది తినేవాళ్ళు. ఇరవై దాటిన కొడుకుల దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఒకడికి ఫుట్‌బాల్ స్టేడియం కావాలి, ఇంకొకడు పదింటిదాకా మంచం దిగడు, వాళ్ళ నాన్నగారికేమో ఒంటిగంటకల్లా అన్నం పడాలి. అందుకని టికెట్ల జోలికి వెళ్ళకముందే ఓ ఆదివారం అందరూ కూర్చోండి, హైదరాబాద్‌లో ఉన్నవాడు వీడియో కాల్‌లో అయినా సరే. తలా ఒకటి ‘ఇది చూడకుండా రాను’ అనేది, ఒకటి ‘చచ్చినా అక్కడికి రాను’ అనేది చెప్పాలి. ఆ నాలుగు కోరికల చుట్టూ ప్లాన్ వేసుకోండి. పది రోజుల్లో తొమ్మిది ఊళ్ళు చూపిస్తామనే ప్యాకేజీలు బస్సు కిటికీలోంచి చూడ్డానికే, కుర్రాళ్ళు అందులో ఒక్క పూట కూడా ఓపిగ్గా కూర్చోరు.

ఎప్పుడు వెళ్ళాలి? సంక్రాంతికి ఊరొదిలి రమ్మంటే మన వైపు ఎవరూ కదలరు, పైగా జనవరిలో వెనిస్ అంతా చలి, పొగమంచు. దాళ్వా కోతలై ధాన్యం డబ్బు చేతికొచ్చాక మే మొదట్లో, లేదంటే సార్వా కోతలకి ముందు, సెప్టెంబర్ చివర్నుంచి అక్టోబర్ లోపల. జూలై, ఆగస్టు మాత్రం వద్దు. అక్కడ ఎండ మండిపోతుంది, పైగా ఆగస్టు 15 వాళ్ళకి పెద్ద పండగ, ఆ వారం చిన్న కొట్లు, హోటళ్ళు చాలా వరకు తలుపులేసి సముద్రం ఒడ్డుకి పోతారు.

వీసాకి ముందునుంచే పూనుకోవాలి. ఇటలీకి ఇచ్చేది షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి, కానీ వేసవి సీజన్‌కి అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం గనక మూడు నెలల ముందే స్లాట్ పట్టుకోండి. ఫీజు పెద్దవాళ్ళకి తలకి 90 యూరోలు, సర్వీస్ చార్జీ వేరే. 30,000 యూరోలకి తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి, పాస్‌పోర్ట్ గడువు తిరిగొచ్చే రోజు తర్వాత కనీసం మూడు నెలలుండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. వేలిముద్రలకి ఎవరికి వాళ్ళే వెళ్ళాలి, ఒకసారి ఇచ్చినవి 59 నెలల దాకా పనికొస్తాయి.

పద్దెనిమిది దాటిన కొడుకు ఫైలు వాడిదే, మన ఫైల్లో కలిసిపోదు. ఉద్యోగస్థుడైతే సెలవు ఇచ్చినట్టు కంపెనీ లెటర్, పే స్లిప్పులు, ఐటీ రిటర్నులు. చదువుకునేవాడైతే కాలేజీ బోనఫైడ్, ఖర్చంతా తండ్రిదని స్పాన్సర్ లెటర్. ఇక మనది వరో, రొయ్యల చెరువో అయితే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నెలనెలా జీతం కనిపించదు, పంట అమ్మినప్పుడు ఒక్కసారే పెద్ద మొత్తం పడుతుంది. ఫైలు చూసేవాళ్ళకి అది వీసా కోసం ఎవరి దగ్గరో సర్దుకొచ్చి వేసిన డబ్బులా అనిపించొచ్చు. కాబట్టి సరుకు అమ్మిన రసీదులు, పట్టాదారు పాస్‌బుక్ నకలు, ఈ డబ్బు ఎక్కడిదో నాలుగు వాక్యాల్లో చెప్పే లెటర్ జత చేయండి. ఇంకోటి, మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి పూర్తిగా, ఒకరికి పొడి అక్షరంగా ఉంటుంది. టికెట్ ఏదైనా సరే, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. రోమ్‌లో కొలోసియం టికెట్ మీద కూడా పేరుంటుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. వీసా వచ్చేదాకా డబ్బు తిరిగిరాని టికెట్లు, రూములు కొనకండి.

రూటు విషయంలో నా మాట ఒక్కటే: వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్, ఈ మూడు ఊళ్ళు చాలు. ఫ్లైట్ బుక్ చేసేటప్పుడు ‘మల్టీ సిటీ’ ఎంచుకుని వెనిస్‌లోనో మిలాన్‌లోనో దిగి రోమ్ నుంచి తిరిగి ఎక్కేలా చూసుకుంటే వెనక్కి వెళ్ళే పని ఉండదు. మనకి రాజమండ్రి దగ్గర మధురపూడి ఎయిర్‌పోర్ట్ నుంచి హైదరాబాద్ ఫ్లైట్ ఉంది గానీ సామాను ఎక్కువైతే రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళడమే హాయి, అక్కణ్ణుంచి గల్ఫ్ మీదుగా కనెక్షన్ తీసుకోవచ్చు. ఊరికీ ఊరికీ మధ్య ఫాస్ట్ రైళ్ళున్నాయి, ప్రభుత్వానివి ట్రెనిటాలియా, ప్రైవేటువి ఇటాలో. వెనిస్ నుంచి ఫ్లోరెన్స్ రెండుంబావు గంటలు, ఫ్లోరెన్స్ నుంచి రోమ్ గంటన్నర. ఇవి ముందు కొన్నవాళ్ళకి చవక, ఆలస్యమయ్యేకొద్దీ రేటు పెరుగుతుంది. రీజనల్ రైళ్ళకి ఆ గొడవ లేదు, ఎప్పుడు కొన్నా అదే రేటు. అయితే కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫాం మీదున్న చిన్న మెషిన్‌లో దూర్చి, చివర తేదీ, టైము పడ్డాయో లేదో చూసుకుని అప్పుడు ఎక్కాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా వేస్తారు.

రోమ్ ఎయిర్‌పోర్ట్ ఫ్యూమిచీనో నుంచి ఊళ్ళోకి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు మనిషికి 14 యూరోలు. నలుగురికి లెక్కేస్తే 56, ఇంచుమించు అదే డబ్బుకి సిటీ పాతగోడల లోపలికి నిర్ణీత చార్జీ టాక్సీ వస్తుంది, హోటల్ గుమ్మం ముందు దింపుతుంది. నలుగురున్నప్పుడు ఇలాంటి లెక్క ప్రతిదానికీ వేసుకోవాలి.

బసకి హోటల్‌లో రెండు రూముల కన్నా అపార్ట్‌మెంట్ మేలు, కానీ ఫొటోలు పట్టిపట్టి చూడండి. ‘ఆరుగురికి’ అని రాసిన ఇంట్లో ఒక బెడ్‌రూమ్, హాల్లో రెండు సోఫాలు ఉండొచ్చు. ఆరడుగుల కొడుకులిద్దరూ ఒకే సోఫా మంచం మీద పడుకుంటే మర్నాటి మొహాలు మీరే చూడాలి. మంచాలు విడివిడిగా ఉన్నాయా, బాత్‌రూమ్‌లు రెండున్నాయా, వాషింగ్ మెషిన్ ఉందా, లిఫ్ట్ ఉందా, ఈ నాలుగూ అడగండి. ఊరి టూరిస్ట్ ట్యాక్స్ మనిషికి, రాత్రికి ఇంత అని విడిగా కట్టించుకుంటారు.

ముందే కొనాల్సిన టికెట్లు కొడుకుల మీద వదిలేయండి, అంటే నిజంగా వదిలేయాలి, రోజూ ‘కొన్నావా’ అని అడక్కుండా. కొలోసియం టికెట్లు ముప్పై రోజుల ముందు ఆన్‌లైన్‌లో తెరుస్తారు, మంచి టైములు చూస్తుండగానే అయిపోతాయి. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసేస్తారు, నెలలో చివరి ఆదివారం ఉచితం గానీ ఆ రోజు తిరణాలే. అక్కడ సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మికెలాంజెలో 1508 నుంచి 1512 దాకా వేసిన బొమ్మలున్నాయి, ఫొటోలు తియ్యనివ్వరు, భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, అంటే షార్టులేసుకునే కుర్రాళ్ళకి ఆ రోజు ప్యాంటే. ఫ్లోరెన్స్‌లో ఉఫిజి, డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా, ఈ రెండు మ్యూజియంలూ సోమవారం ఉండవు.

ఇక అసలు సంగతి, రోజంతా నలుగురూ కలిసే తిరగాలన్న పట్టుదల మానుకోండి. పొద్దున్న ఒకటి కలిసి చూడండి, మధ్యాహ్నం విడిపోండి, రాత్రి భోజనానికి కలవండి. ఫ్లోరెన్స్ కెథడ్రల్ గోపురం ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్ట్ లేదు, మెట్ల దారి ఇరుకు. కొడుకులు ఎక్కుతారు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు కింద కాఫీ తాగుతారు. కాఫీ అంటే గుర్తొచ్చింది, కౌంటర్ దగ్గర నిలబడి తాగితే యూరో, యూరోన్నర, అదే కప్పు బయట కుర్చీలో కూర్చుంటే రేటు రెండింతలు మూడింతలు కూడా అవుతుంది. స్థానికులు లోపలికొచ్చి, మన ఫిల్టర్ కాఫీలో డికాక్షన్ పోసినంత చిక్కటి గుక్కెడు కాఫీ రెండు నిమిషాల్లో గొంతులో పోసుకుని వెళ్ళిపోతుంటారు. కార్ల పిచ్చి ఉన్నవాడిని ఒక రోజు మారనెల్లోలోని ఫెరారీ మ్యూజియంకి పంపండి, ఫ్లోరెన్స్ నుంచి బొలోన్యా, మోడెనా మీదుగా వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాడు.

కారు నేను నడుపుతానని కొడుకు అంటే లైసెన్స్‌తో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకోమనండి. ఇరవై ఐదు లోపు వయసుకి అద్దె కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి. పాత ఊళ్ళ నడిబొడ్డున జెడ్.టి.ఎల్ అని బోర్డులుంటాయి, పర్మిషన్ లేని కారు ఆ గీత దాటితే కెమెరా పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది. అందుకే కారు ఫ్లోరెన్స్ బయట తీసుకుని, సియెనా లాంటి కొండ ఊళ్ళు తిరిగి, మళ్ళీ ఊరి బయటే ఇచ్చెయ్యాలి. పెద్ద ఊళ్ళలో కారు దండగ.

వెనిస్‌లో పగలొచ్చి సాయంత్రం పోయేవాళ్ళ దగ్గర 2024 నుంచి కొన్ని రోజుల్లో ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు, ముందే కడితే 5 యూరోలు, ఆఖరి నిమిషంలో 10. అక్కడే రాత్రి ఉండేవాళ్ళకి మినహాయింపు. గోదావరిలో పంటు ఎక్కినంత చవగ్గా వెళ్ళొచ్చనుకోకండి, వాపొరెట్టో పడవకి 75 నిమిషాల టికెట్టే 9.50 యూరోలు. పక్కనున్న బురానో దీవికి వెళ్ళిరావాలంటే రోజు పాస్ కొనండి. బురానో తప్పకుండా వెళ్ళండి. నర్సాపురం వైపు ఆడవాళ్ళకి లేసు కొత్త కాదు, అయితే మనది కొక్కేనికి దారం తగిలించి అల్లేది, బురానోది సూదితో కుట్టేది. లేసు మ్యూజియంలో పెద్దావిడలు దిండు మీద కాగితం నమూనా పెట్టుకుని, వెంట్రుకంత దారంతో కుడుతూ కనిపించొచ్చు. కొట్లలో ఉన్నవన్నీ చేత్తో చేసినవి కావు, చవగ్గా ఉంటే మెషిన్‌దనే అర్థం.

పిల్లల నాన్నగారికి వ్యవసాయం మీద మనసైతే ఇంకో చోటుంది. మిలాన్ నుంచి టోరినో వెళ్ళే రీజనల్ రైలు నొవారా, వెర్చెల్లి మీదుగా పోతుంది, అంతా వరి దేశమే. మే నెలలో మడులకి నీళ్ళు కట్టి ఉంటాయి, కిటికీలోంచి చూస్తే కోనసీమా ఏంటి అనిపిస్తుంది, కొబ్బరి చెట్లు లేవు, దూరంగా ఆల్ప్స్ ఉంటాయి, అంతే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, పో నది నీళ్ళు ఈ పొలాలకి తెచ్చే కావూర్ కాలువ 1866లో. దీనికి కొడుకులు రామంటారు, రానక్కర్లేదు, ఆ పూట వాళ్ళని మిలాన్‌లో సాన్ సీరో స్టేడియం చూసుకోమనండి.

ఆ బియ్యంతో చేసేదే రిసోట్టో. కానీ కుంకుమపువ్వు వేసిన మిలాన్ రిసోట్టోలో సంప్రదాయంగా గొడ్డు ఎముకల మూలుగ వేస్తారు, పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తినాలి. రాగూ అనే మాంసం సాస్, లజానియా కూడా అంతే. శాకాహారులకి చీజ్ కూడా లేని మరినారా పిజ్జా చాలా చోట్ల దొరుకుతుంది. చేపలు తినేవాళ్ళకి పండగే, మెనూలో రేటు వంద గ్రాములకా, చేపకా అన్నది మాత్రం చూసుకోండి, కిలోన్నర చేప తెప్పించాక లెక్క తెలిస్తే గొంతు దిగదు. బిల్లులో మనిషికి ఒకటి రెండు యూరోలు కొపెర్తో (టేబుల్ చార్జీ) అని ఉంటుంది, అది మోసం కాదు, అక్కడి పద్ధతి. రాత్రి భోజనం ఏడున్నర దాకా దొరకదు, ఒంటిగంట అన్నం వాళ్ళకి సాయంత్రం గండం, చేతిసంచిలో ఏదో ఒకటి ఉంచండి.

పచ్చళ్ళు పట్టుకెళ్ళొచ్చు: ఆవకాయ, గోంగూర, రొయ్యల పచ్చడి ఫర్వాలేదు. యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు గనక చికెన్ పచ్చడి, నెయ్యి, కోవా ఇంట్లోనే ఉంచండి. పచ్చి కరివేపాకు కూడా. ఆత్రేయపురం పూతరేకులు బయల్దేరే ముందే తినెయ్యండి. ఒక్కో పెట్టె కొడుకు ఒక్కడే మోసేంత బరువుండాలి, వెనిస్‌లో దాదాపు ప్రతి వంతెనకీ మెట్లే.

కార్డు గీసేటప్పుడు మెషిన్ రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడుగుతుంది, యూరోలే నొక్కండి. రోమ్‌లో టెర్మినీ స్టేషన్, మెట్రో, రద్దీ బస్సుల్లో జేబుదొంగలు ఎక్కువ, ఫోన్ వెనక జేబులో పెట్టొద్దని కొడుకులకి చెప్పండి, మీ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు ముందువైపుకి తిప్పుకోండి. రాత్రి వాళ్ళు బయట తిరుగుతామంటే పోనివ్వండి. లొకేషన్ షేర్ ఆన్ చేయించి, అపార్ట్‌మెంట్ అడ్రస్ కాగితం మీద రాసి ఇచ్చి, ఎమర్జెన్సీకి 112 అని చెప్పి, తాళం ఒకటి వాళ్ళ దగ్గరే ఉంచి మీరు పడుకోండి.