విక్టరీ రివాల్వర్‌కి ఏ తూటా వాడాలో ఇలా తేల్చుకున్నాను

నా చేతికొచ్చిన పాత స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్‌తో పాటు కొన్ని ఖాళీ షెల్స్ (పేల్చిన తూటాల తొడుగులు) కూడా వచ్చాయి. అన్నీ .38 స్పెషల్ అనే రకం తూటాలవే. వెలుతురులో తిప్పి చూస్తే అడుగు భాగం ఉబ్బి ఉంది, కొన్నిటికి పక్కన నిలువునా చీలిక. అది చూశాక పేల్చే మాటే లేదు, ముందు ఇది ఏ రివాల్వరో తేలాలి.

పిడి అడుగున తాడు కట్టే రింగు పక్కన నంబరు ‘వి’తో మొదలైంది. అంటే రెండో ప్రపంచ యుద్ధకాలపు విక్టరీ మోడల్. అమెరికా బలగాలకు దీన్ని .38 స్పెషల్‌లో చేశారు, బ్రిటన్, కామన్వెల్త్ సైన్యాలకు .38 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెస్సన్) అనే పొట్టి తూటాకి. నాదానికి 5 అంగుళాల బ్యారెల్, దాని మీద ముద్ర రెండోదే.

మరి పొడవాటి స్పెషల్ తూటా ఎలా పట్టింది? యుద్ధం తర్వాత ఇలాంటి వాటిలో చాలావాటి ఛాంబర్లను, అంటే తూటాలు కూర్చునే గదులను, లోపలికి తొలిచేశారు. అసలు ఎస్ అండ్ డబ్ల్యూ షెల్ పొడవు సుమారు 19.7 మి.మీ., స్పెషల్‌ది 29.3. పొడవు కుదిరింది గానీ వెనక భాగం ముందునుంచీ వెడల్పే. సన్నటి స్పెషల్ షెల్ అక్కడ వదులుగా కూర్చుని, పేలగానే ఉబ్బిపోతుంది. ప్రమాదం అక్కడే ఉంది, ఎవరూ తేలిగ్గా తీసుకోకండి.

గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) ఛాంబర్లకి అచ్చు తీసి, కొలిచి, ఇదే ఖాయం చేశారు. సిలిండర్ బిగువు, టైమింగ్ (ప్రతి ఛాంబర్ బ్యారెల్‌కి సరిగ్గా ఎదురుగా ఆగుతోందా అన్నది) కూడా చూశాక, .38 ఎస్ అండ్ డబ్ల్యూ ఫ్యాక్టరీ తూటాలే వాడమన్నారు. ఇప్పుడు షెల్స్ ఉబ్బకుండా, చీలకుండా సులువుగా బయటికొస్తున్నాయి.